అతుకులో నీరు

పాత కారుకు తుప్పు ఎక్కడ మొదలవుతుందో ఎప్పుడైనా నిలబడి చూశారా? రేకు నడిమధ్యలో చాలా అరుదు. రాయి తగిలి రంగు లేచిన చోట ఓ ఎర్ర చుక్క పడుతుంది గానీ, అది ఏళ్ల తరబడి చుక్కగానే ఉండిపోతుంది. అసలు తినివేత అంతా రెండు రేకులు కలిసిన చోటే. తలుపు కింది అంచు మడతలో, డిక్కీ అడుగు మూలల్లో, చక్రం మీది వంపు లోపల, కప్పు పక్కన వాననీరు జారిపోయే సన్నని కాలువ వెంట. రామచంద్రపురంలో పొద్దున్నే నడకకు బయలుదేరి, ఇళ్ల ముందు గుడ్డలు కప్పి నిలిపిన అంబాసిడర్లనూ ప్రీమియర్ పద్మినులనూ దాటుకుంటూ పోతూ ఈ సంగతి చాలాకాలంగా చూస్తున్నాను. ఒక రేకు మీద ఇంకో రేకు పడ్డ చోట ఇనుము రెండింతల మందం కదా? బలం ఎక్కువ ఉండాల్సిన చోటే ముందుగా ఎందుకు ఓడిపోతోంది? చిన్న ప్రశ్నే. కానీ ఇంటికొచ్చి కాఫీ తాగుతున్నా, పేపరు చదువుతున్నా వదలదు. మనుషుల గురించి కూడా ఇదే ప్రశ్న అడగొచ్చునేమో అనిపించేది. ఆ దారిన పోతే రేకు సంగతి మరిచిపోతానని ఆగిపోయేవాణ్ని. ముందు రేకును రేకుగా తెలుసుకోవాలి.

ఆ రోజుల్లోనే ఓ మిత్రుడు తన తండ్రిగారి అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించే పని పెట్టుకున్నాడు. మార్క్ 2 బండి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఓ షెడ్డుకు ఇచ్చాడు. బోర్డు మీద మూడే మాటలు: టింకరింగ్, గ్యాస్ వెల్డింగ్, పెయింటింగ్. అక్కడికి వచ్చేవన్నీ లారీ క్యాబిన్లు, ట్యాంకర్లు, మందుల కంపెనీల ట్రాలీలు. వాటి మధ్య ఈ అంబాసిడర్, అద్దాలు లేకుండా, తలుపులు లేకుండా, సీట్లు లేకుండా, నాలుగు స్టాండ్ల మీద. మిత్రుడికి తోడుగా వెళ్లిన నేను తర్వాత్తర్వాత అతను లేకపోయినా వెళ్లేవాణ్ని. అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, తలుపుల కింద బండి పొడవునా సాగే బోలు దూలం దగ్గర పని చేస్తున్నారు. కర్మాగారంలో వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కలను ఒక్కొక్కటే డ్రిల్లుతో తొలిచి, సన్నని ఉలితో రెండు రేకులను విడదీశారు. పైన రంగు ఇంకా మెరుస్తూనే ఉంది. లోపల పొరలు పొరలుగా గోధుమరంగు పెచ్చులు, వాటి కింద వేలు దూరేంత ఖాళీ. "పైకెల్లి చూస్తే ఏం తెల్వదు సార్. నీళ్లు లోపట కూసుంటయి" అన్నారు. కూర్చుంటాయి అన్న ఆ మాటలోనే నా ప్రశ్నకు సగం జవాబు ఉంది.

మిగతా సగం కోసం పుస్తకాలు తిరగేశాను. రెండు రేకుల మధ్య వెంట్రుక మందం సందు ఉంటే చాలు, నీరు తనంతట తానే లోపలికి పాకుతుంది. వాలు అక్కర్లేదు, ఒత్తిడి అక్కర్లేదు. ఒకసారి దూరాక ఎండ దాన్ని చేరదు, గాలి చేరదు. రేకు మీద పడ్డ చినుకు గంటలో ఆరిపోతుంది, సందులోని నీరు రోజుల తరబడి ఉంటుంది. అంతకన్నా విచిత్రం ఇంకొకటి ఉంది. సందు లోపల ప్రాణవాయువు తక్కువ, సందు నోటి దగ్గర ఎక్కువ. ఆ తేడా వల్లనే ఇనుములో చిన్న విద్యుత్తు నడుస్తుంది, గాలి అందని లోపలి ఇనుమే కరుగుతుంది. గాలి తగిలే చోట తుప్పు పడుతుందని కదా చిన్నప్పటి నుంచి చదువుకున్నాం! అతుకులో మాత్రం గాలి తగలని చోటే ముందు పోతుంది. పైగా తుప్పుకు చోటు ఎక్కువ కావాలి. పోయిన ఇనుము కంటే దాని తుప్పు కొన్ని రెట్లు ఉబ్బుతుంది. ఉబ్బి రేకులను నెడుతుంది, సందు పెరుగుతుంది, ఇంకా నీరు వస్తుంది. తప్పు ఇనుముది కాదు, మందానిదీ కాదు. రెండు రేకుల మధ్య ఉన్న ఖాళీది.

ఈ ఖాళీ ఇంత ప్రమాదకరం కావడం వెనుక చరిత్ర ఉంది. మొదట్లో కారు అంటే కింద ఇనుప చట్రం, పైన చెక్క కమ్మీలు, వాటి మీద కప్పిన రేకు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవారికి గుర్తుండే ఉంటుంది, నిజాం కోసం సింహాసనంలాంటి ఆసనంతో కట్టింది. అలాంటి బండిలో అతుకు దగ్గర రేకు పాడైనా బండి నిలబడుతుంది, బరువు మోసేది కింది చట్రం గనుక. 1934లో సిత్రోయెన్ వాళ్ల ట్రాక్షన్ అవాంట్ వచ్చింది. చట్రం వేరుగా లేకుండా ఒంటి రేకులే అన్నిటినీ మోసే పద్ధతిని పెద్దఎత్తున జనంలోకి తెచ్చిన కార్లలో అదొకటి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టి, 1950ల చివర మొదలై 2014 దాకా ఉత్తర్‌పారాలో తయారైన మన అంబాసిడర్ కూడా ఆ వంశమే. చర్మమే ఎముక అయిపోయింది. ఇక అతుకు చెడితే అందం పోవడంతో ఆగదు, బండి నడుమే వంగుతుంది. ఉస్తాద్ ఆ బోలు దూలాన్ని కోసే ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా కమ్మీలు వేసి వెల్డు చేసింది అందుకే. లేకపోతే కోస్తుండగానే బండి కుంగిపోతుంది.

మా నాన్నగారు సనత్‌నగర్‌లో హైదరాబాద్ ఆల్విన్‌లో పనిచేశారు. 1942లో మొదలైన ఆ సంస్థ ఫ్రిజ్‌లు చేసింది, చేతి గడియారాలు చేసింది, ఆర్టీసీ బస్సులకు బాడీలు కట్టింది. నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో పెట్టిన చిన్న ట్రక్కుల కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. నాన్నగారు ఇంట్లో పని మాటలు పెద్దగా మాట్లాడేవారు కాదు. బస్సెక్కినప్పుడు మాత్రం కిటికీ అంచు కింద, కప్పు మూలల్లో చెయ్యి పెట్టి తడిమేవారు. అల్యూమినియం రేకూ ఇనుప కమ్మీ నేరుగా తాకితే తడిలో అల్యూమినియం తినుకుపోతుందని, మధ్యలో ఏదో ఒక పొర ఉండాలని చెప్పేవారు. వర్షంలో బస్సు కప్పు కారుతుంటే జనమంతా డ్రైవర్‌ను తిట్టేవారు, ఆయన మాత్రం తలెత్తి ఆ అతుకును చూసేవారు. ఆ చూపులో కోపం ఉండేదా, బాధ ఉండేదా? చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఈ షెడ్డులో కూర్చున్నాక, అది తన పని తన ముందే కారుతుంటే చూసే మనిషి చూపు అని తెలిసింది. కారే చోటు ఎవరి వేళ్ల కింద మూతపడిందో ఆయనకు తెలిసి ఉంటుంది.

ఇక అతుకును మూసే పని. ఇందులో తొందరపడే చోటు ఒక్కటీ లేదు. పాత పెచ్చులన్నీ తీసి, రేకు తెల్లగా వచ్చేదాకా రుద్ది, పోయిన ముక్క స్థానంలో కొత్త రేకు కొట్టి తయారుచేసి వెల్డు చేస్తారు. ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమర్. చాలామంది మేస్త్రీలు ఇక్కడే దాటేస్తారు, ఉత్త రేకు మీదే సీలెంట్ రాసేస్తారు. అది అప్పటికి పట్టుకున్నట్టే ఉంటుంది. కొన్నాళ్లకు అంచు లేచి, దాని వెనక నీరు చేరి, సీలెంట్ తెర చాటున రేకు నిశ్చింతగా కుళ్లుతుంది. ప్రైమర్ ఆరాక సీలెంట్. ఈరోజుల్లో ఎక్కువగా వాడేది పాలీయురేతేన్ రకం. గొట్టంలోంచి సన్నని పట్టీగా పిండి, కుంచెతోనో వేలితోనో సందులోకి నొక్కుతారు. ఈ పదార్థం గట్టిపడటానికి గాలిలోని తేమ కావాలి. నీటిని ఆపడానికి పూసేది నీటి ఆవిరిని తాగి గట్టిపడుతుంది! ఈ మాట ఉస్తాద్ చెప్పినప్పుడు నేను ఆయన్ను మళ్లీ అడిగి చెప్పించుకున్నాను. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆరడానికి ఎక్కువ సేపు పడుతుందని, ముసురు రోజుల్లో త్వరగా బిగుస్తుందని ఆయనకు చేతి అనుభవంతో తెలుసు. రసాయనం పేరు అక్కర్లేకుండానే తెలుసు.

చేయకూడనివి ఆయన ఇంకా గట్టిగా చెప్పారు. బాత్రూము సింకుకు పూసే మామూలు సిలికాన్ కారుకు పూయొద్దు. పుల్లటి వాసన వచ్చే రకం ఆరుతూ ఆమ్లాన్ని వదులుతుంది, అదే రేకును తింటుంది. పైగా దాని మీద, దాని చుట్టుపక్కల, రంగు నిలవదు. కదిలే అతుకులో ఎం-సీల్ కుక్కొద్దు. అది రాయి అయిపోతుంది, బండి గుంతలో పడి ఒళ్లు విరుచుకోగానే పగులుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, చిల్లును లప్పంతో పూడ్చొద్దు. పాలియెస్టర్ లప్పం తేమను పీలుస్తుంది. వెనక రేకు లేని చోట లప్పం పెడితే వెనకనుంచి నీరు తాగుతూ, ముందునుంచి నునుపుగా కనిపిస్తూ ఉంటుంది. పండగకి ముందు అమ్మే పాత కార్లలో ఇలాంటివి ఎన్ని ఉంటాయో! కొన్నవాడు మొదటి వర్షాకాలంలోనే తెలుసుకుంటాడు. దీన్ని నేను చిన్న మోసంగా చూడలేను. తలుపుల కింద ఆ దూలమే లేని బండిలో ఓ కుటుంబం జాతీయ రహదారి మీద వెళ్తోందంటే అది ప్రాణాలతో పని.

సీలెంట్ కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది సీసం పని. కప్పుకూ వెనక భాగానికీ మధ్య అతుకు బయటికి కనిపించకూడదనుకుంటే పాత కాలపు కర్మాగారాల్లో దాన్ని సీసం, తగరం కలిపిన లోహంతో నింపేవారు. డెబ్భై పాళ్లు సీసం, ముప్ఫై పాళ్లు తగరం. ఆ మిశ్రమం ఒక్కసారిగా కరిగి నీరైపోదు, కొంతసేపు ముద్దగా ఉంటుంది. ఆ కాసేపట్లోనే చెక్క పలకతో దాన్ని వంపు ప్రకారం ఒత్తాలి. పలక అంటుకోకుండా కొవ్వు రాస్తారు. ముందుగా రేకుకు తగరం పూత పట్టించాలి, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు చేసే పనే. ఆ తర్వాత ఆకురాయితో అరగదీస్తారు. గరుకు కాగితం చక్రం మాత్రం పెట్టకూడదు, సీసం పొడి గాలిలో లేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ విషం ఒంట్లో నిలుస్తుంది. ఉస్తాద్ మొహానికి మాస్కు కట్టుకుని, కుర్రాళ్లను దూరంగా పంపి, ఆ పని ఒక్కరే చేశారు. మంట దగ్గరికి, దూరానికి ఆడుతుంటే లోహం మెత్తబడి, జారబోయి, మళ్లీ ఆగేది. వెనకాల బల్ల మీద రెండు లప్పం డబ్బాలు ఉన్నాయి, గంటలో అయిపోయే పని. అయినా లోహానికి లోహమే అన్నారు.

ఇక్కడ నాకు ఒక సందేహం వచ్చింది, అది ఇంకా పూర్తిగా తీరలేదు. అతుకును దాచాలా, చూపాలా? పాత అంబాసిడర్ డిక్కీ లోపల కర్మాగారపు కార్మికుడు కుంచెతో గబగబా పూసిన సీలెంట్ చారలు కొన్ని బతికే ఉన్నాయి. వంకరగా, మందంగా, ఒకచోట ఎక్కువై, ఒకచోట తక్కువై. ఉత్తర్‌పారాలో ఆ కుంచె పట్టిన మనిషి ఎవరో మనకు తెలియదు, కానీ ఆ చార అతని చెయ్యే. మిత్రుడు అదంతా చెక్కేసి అద్దంలా నునుపు చేయమన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "కంపెనీల ఎట్లుండెనో అట్లనే ఉంచుదం సార్" అని, తన కొత్త పూతను కూడా అదే కుంచె వాటంతో ముగించారు. కొత్తదాన్ని పాతదిలా కనిపించేట్టు చేయడం కూడా ఒక దాపరికమే కదా అని నాలో ఒక గొంతు అంది. కాసేపు ఆలోచిస్తే అలా అనిపించలేదు. బయటి వంపు మీద అతుకు కనపడకూడదన్నది బండిని గీసినవారి ఉద్దేశం. లోపల అతుకు కనపడినా పర్వాలేదన్నది కూడా వారి ఉద్దేశమే. పునరుద్ధరణ అంటే ఆ రెండు ఉద్దేశాలనూ గౌరవించడం. ఉన్నదానికంటే అందంగా చేసేస్తే అది వేరే కారు అవుతుంది. నా మటుకు నేను ఉస్తాద్ పక్షమే.

మూసే ముందు ఆరబెట్టడం గురించి ఆయన పట్టుదల చెప్పాలి. కడిగిన బండిని ఎండలో ఉంచి, తర్వాత సందులన్నిటికీ గాలి కొట్టి, మళ్లీ దీపం వేడి చూపించి, అప్పుడు గాని ప్రైమర్ డబ్బా మూత తీయనివ్వలేదు. తడి చెయ్యి పెట్టి మూసిన ఆవకాయ జాడీ ఏమవుతుందో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు. లోపల తేమ ఉండగా మూస్తే, మూత కాపలా కాసేది ఆ తేమకే. ఇదే పటాన్‌చెరులో, ఆ షెడ్డుకు పెద్ద దూరం కాని చోట, 1972లో పెట్టిన ఇక్రిశాట్ ఉంది. అక్కడి జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల రకాలు లక్షకు పైగా భద్రంగా ఉన్నాయి. దీర్ఘకాలం దాచే గింజలను గాలి తీసేసిన అల్యూమినియం పొట్లాల్లో మూసి సున్నాకు ఇరవై డిగ్రీల కింద ఉంచుతారు. కానీ అంతకు ముందు గింజలోని తేమను ఓపిగ్గా తగ్గిస్తారు. ఆ చలి, ఆ పొట్లం అంతా ఆ ఆరబెట్టడం మీద ఆధారపడ్డవే. శాస్త్రవేత్తల ప్రయోగశాలలోనూ, రేకుల షెడ్డులోనూ పని వరస ఒకటే అని తెలిసినప్పుడు నాకు చెప్పలేనంత ఆనందం కలిగింది.

అయితే పొట్లానికీ కారుకూ ఒక తేడా ఉంది, అది నాకు ఆలస్యంగా తట్టింది. పొట్లాన్ని అన్ని వైపులా మూయొచ్చు. కారును మూయలేం. అది ఎండలో వేడెక్కుతుంది, వానలో చల్లబడుతుంది, దాని బోలు దూలాల్లో గాలి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, ఆ గాలితో తేమ వస్తుంది, రాత్రి రేకు లోపలి ముఖాన మంచులా చెమ్మ పడుతుంది. అద్దం జారే సందులోంచి ప్రతి వానకూ తలుపు లోపలికి నీరు దిగుతుంది, దాన్ని ఆపే రబ్బరు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అందుకే తలుపు కింది అంచున చిన్న రంధ్రాలు ఉంటాయి. ఉస్తాద్ సీలెంట్ పూస్తూ పూస్తూ వాటి దగ్గర చెయ్యి ఆపేవారు. కొత్తగా చేరిన కుర్రాడు శ్రద్ధ ఎక్కువై వాటిని కూడా మూసేశాడు. ఉస్తాద్ తిట్టలేదు. సన్నని తీగ తీసుకుని, తడి ఆరకముందే ఒక్కొక్కదాన్ని తెరిచి చూపించారు. ఎక్కడ మూయాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఎక్కడ మూయకూడదో తెలియడమే ఈ పనిలో చదువంతా.

సంగారెడ్డి పక్కన ఎద్దుమైలారంలో మెదక్ ఆయుధ కర్మాగారం ఉంది. అక్కడ తయారయ్యే శరత్ అనే బీఎంపీ-2 యుద్ధవాహనం నేల మీద నడుస్తుంది, నీటి మీద ఈదుతుంది. అంత బరువున్న ఉక్కు పెట్టె తేలాలంటే దాని అతుకులు ఎంత బిగువుగా ఉండాలి! అయినా ఆ వాహనంలో లోపల చేరిన నీటిని తోడిపోసే పంపు ఉంటుంది. నీళ్లు రావు అని నమ్మి ఎవరూ దాన్ని కట్టలేదు. వస్తాయి, వస్తే ఎలా పోవాలి అని ఆలోచించి కట్టారు. ఇంత పకడ్బందీ పని చేసేవారే అలా ఆలోచిస్తే, ఇల్లు కట్టేటప్పుడూ, నలుగురితో బతికేటప్పుడూ మనం ఏ చుక్కా లోపలికి రాకూడదని ఎందుకింత ఆరాటపడతాం? వచ్చినదానికి పోయే దారి పెట్టుకుంటే సరిపోదూ?

ఇంతలోనే నక్కవాగు గుర్తొచ్చి ఆ మాట నోట్లోనే ఆగింది. పోయే దారి పెడితే చాలా? అది ఎక్కడికి పోతుంది? ఈ పటాన్‌చెరు పారిశ్రామికవాడ కూడా తన లోపలి నీటికి ఓ దారి పెట్టుకుంది. ఆ దారి నక్కవాగు, అది కలిసేది మంజీరలో. పోచారం, బాచుగూడెం పొలాలు, బావులు ఆ నీటిని తాగాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తర్వాత శుద్ధి కేంద్రం వచ్చింది, వ్యర్థజలాన్ని అంబర్‌పేటకు మళ్లించే పైపులైనూ వచ్చింది. ఆ బావులు మాత్రం మళ్లీ మునుపటి బావులు కాలేదు. కారు తలుపు రంధ్రంలోంచి కారేది వాననీరు కాబట్టి అది నిర్దోషి. తాను విషం చేసిన నీటిని పక్కవాడి చేలోకి వదిలేవాడు నేనూ దారి పెట్టాను అనకూడదు. అంటే బయటికి వదలడంలో మంచీ చెడూ ఆ రంధ్రంలో లేదు, దాని కింద ఎవరున్నారు అన్నదానిలో ఉంది. షెడ్డులో ఉస్తాద్ పాత రంగు తొలగించడానికి వాడిన రసాయనాన్ని, సీసం రజనును డబ్బాల్లో మూసి వేరుగా పెట్టడం నేను చూశాను. వాటికి మాత్రం ఆయన ఏ దారీ పెట్టలేదు.

మీ ఇంటి ముందు పాత కారు ఉంటే ఒక మాట. ఈ తొలకరి రాకముందే తలుపుల కింది అంచున వేళ్లతో తడమండి. రంధ్రాలు చేతికి తగులుతాయి, చాలావాటిలో ఏళ్లనాటి మట్టి గట్టిపడి ఉంటుంది. సన్నని తీగతో తీయండి, ఒక చెంబెడు నీళ్లు అద్దం పక్కన పోసి కిందికి వస్తున్నాయో లేదో చూడండి. బండిని రంగుకు ఇచ్చేటప్పుడు సీలెంట్ పూసే మేస్త్రీతో ఆ రంధ్రాలు వదిలేయమని ముందే చెప్పండి. చిల్లు పడ్డ చోట లప్పం పెడతానంటే ఒప్పుకోకండి, రేకు మార్చమనండి. ఖర్చు కాస్త ఎక్కువ అవుతుంది, అయినా అదే చేయించండి.